చెల్లు రాయనిదే బాకీ తీరదు

ప్రామిసరీ నోటు రాసి అప్పు తీసుకున్నవారు కొంత సొమ్ము తిరిగి ఇచ్చినప్పుడు, ఆ సంగతిని నోటు వెనుక తేదీతో రాసి సంతకం చేయడం మన ప్రాంతంలో చిరకాలంగా ఉన్న ఆచారం. దీనినే ‘చెల్లు రాయడం’ అంటారు. చెల్లు లేకపోతే ఇచ్చిన సొమ్ముకు రుజువు దొరకడం కష్టం. గడువు తీరకముందే చెల్లు పడితే, బాకీకి కాలదోషం పట్టే గడువు మళ్ళీ మొదటి నుండి లెక్కకు వస్తుంది. ఒక్క చిన్న రాత ఇచ్చినవారినీ, పుచ్చుకున్నవారినీ కాపాడుతుందన్న మాట. నేటి వ్యాపారంలో నోటు స్థానంలో బిల్లు, చెల్లు స్థానంలో కంప్యూటరు నమోదు వచ్చాయి. సాధనం మారినా సూత్రం మారలేదు.

హైదరాబాదు నుండి సంగారెడ్డి వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారిని అనుసరించి రామచంద్రాపురం, పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామిక ప్రాంతాలు ఉన్నాయి. 1960 దశకంలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం వెలసింది. తరువాతి దశాబ్దాలలో చుట్టూ అనేక పరిశ్రమలు విస్తరించాయి. పూర్వం మెదక్ జిల్లా కేంద్రంగా ఉన్న సంగారెడ్డి 2016 అక్టోబరు 11న ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. ఇటువంటి ప్రాంతాలలో పెద్ద కర్మాగారాలకు విడిభాగాలు చేసి ఇచ్చే చిన్న యూనిట్లు ఉంటాయి. వారు సరుకు పంపిన వెంటనే సొమ్ము చేతికి రాదు. ఈలోగా కార్మికుల జీతాలు, విద్యుత్తు బిల్లు ఆగవు. కనుక ఏ బిల్లుకు ఎంత వచ్చింది, ఎంత రావలసి ఉంది అన్న లెక్క ఆ యూనిట్లకు ప్రాణంతో సమానం.

ఈ లెక్కకు చట్టబలం కూడా ఉంది. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం 2006లో వచ్చింది. సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుండి సరుకు కొన్నవారు ఒప్పందం ఉన్నప్పటికీ 45 రోజులకు మించి చెల్లింపును ఆపరాదని అది నిర్దేశించింది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ ఇవ్వాలి. వివాదాన్ని ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందు పెట్టుకోవచ్చు. అయితే ఈ 45 రోజుల లెక్క ఖాతా మొత్తం మీద సాగదు, సరుకును స్వీకరించిన తేదీని బట్టి విడివిడిగా సాగుతుంది. ఏ బిల్లు గడువు దాటిందో చూపలేనివారు వడ్డీ అడగలేరు.

ఒక ఉదాహరణను ఊహించుకుందాం. పటాన్‌చెరులోని ఒక చిన్న యూనిట్ ఒకే కర్మాగారానికి మూడు బిల్లులు పంపింది. 101వ బిల్లు రూ.59,000, 102వది రూ.35,400, 103వది రూ.23,600. మొత్తం రూ.1,18,000. కొంతకాలానికి బ్యాంకులో రూ.92,800 జమ అయింది. ఇది ఏ బిల్లు సొమ్ము? విచారించగా, కర్మాగారం మొదటి రెండు బిల్లుల మొత్తమైన రూ.94,400 నుండి ఆదాయపు పన్ను కింద రూ.1,600 మినహాయించి మిగిలినది పంపినట్లు తేలింది.

1986లో బెంగళూరులో ప్రారంభమైన సంస్థ రూపొందించిన ‘టాలీ’ మన దేశంలో విరివిగా వాడే లెక్కల సాఫ్ట్‌వేర్. ఇందులో వచ్చిన సొమ్మును రసీదు వోచరులో నమోదు చేసేటప్పుడు, అది దేనికి సంబంధించినదో చెప్పవచ్చు. ‘అగైనెస్ట్ రెఫ్’ అంటే పాత బిల్లుకు ఎదురుగా వచ్చిన సొమ్ము. ‘అడ్వాన్స్’ అంటే ముందుగా వచ్చినది. ‘ఆన్ అకౌంట్’ అంటే ఏ బిల్లుకూ ముడిపెట్టనిది. పనిభారంలో గుమాస్తా చివరిదానిని ఎంచుకుంటే, ఖాతాలో రూ.25,200 బాకీ కనిపిస్తుంది. మూడు బిల్లులూ తీరనట్లే నిలుస్తాయి. సరైన పద్ధతిలో 101కి రూ.58,000, 102కి రూ.34,800 జమ చేసి, పన్ను కింద మినహాయించిన రూ.1,000, రూ.600 కూడా అవే బిల్లులకు చూపాలి. అప్పుడు 103వ బిల్లు రూ.23,600 మాత్రమే మిగులుతుంది. నిజమైన బాకీ అదే.

ఈ పద్ధతి ఒక్క గుమాస్తా తలలో ఉంటే చాలదు. అతడు ఉద్యోగం మానిన నాడు ఆ జ్ఞానం కూడా వెళ్ళిపోతుంది. అందుకే ప్రతి యూనిట్‌కు ఒక వాడుక సూచిక అవసరం. దానిని రాయడం భాషకు సంబంధించిన విద్య. “చెల్లింపు నమోదు చేయబడవలెను” అని రాస్తే ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చేయాలో తెలియదు. “బ్యాంకులో సొమ్ము జమ అయిన రోజే గుమాస్తా రసీదు వోచరు తెరిచి, బిల్లు నంబరును ఎంచుకోవాలి” అంటే సందేహానికి తావుండదు. ఒక వాక్యంలో ఒక్క పనినే చెప్పాలి. తెరపై కనిపించే మాటలను మార్చకుండా వాడాలి. అంకెలతో ఒక ఉదాహరణ ఇవ్వాలి. బిల్లు నంబరు తెలియనప్పుడు ఎవరిని అడగాలో, పొరపాటు జరిగితే ఎలా దిద్దాలో తప్పక రాయాలి.

2023 ఏప్రిల్ 1 నుండి కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదయ్యే ఏర్పాటు తప్పనిసరి అయింది. ఆ నమోదు ఏమి మారిందో, ఎప్పుడు మారిందో చెబుతుంది. ఎందుకు మార్చారో చెప్పవలసినది మనిషే. ఆ కారణాన్ని తరువాతివారికి అర్థమయ్యే తెలుగులో రాసి ఉంచడమే నేటి చెల్లు.

పదాలు – అర్థాలు
కాలదోషం: గడువు దాటినందున బాకీ వసూలుకు దావా వేసే హక్కు పోవడం
చక్రవడ్డీ: వడ్డీపై వడ్డీ
గుమాస్తా: లెక్కలు రాసే ఉద్యోగి

ప్రశ్నలు
1. ‘ఆన్ అకౌంట్’ నమోదు వల్ల చిన్న యూనిట్‌కు కలిగే నష్టమేమిటి?
2. పై ఉదాహరణలో రూ.25,200 ఎందుకు నిజమైన బాకీ కాదో వివరించండి.
3. “సొమ్ము వచ్చినచో రసీదు ఇవ్వబడును” అనే వాక్యాన్ని ఎవరు, ఎప్పుడు చేయాలో తెలిసేలా తిరిగి రాయండి.