ఈస్టు దారం ఎందుకంత పొడవు?

బేకరీలో రొట్టెపిండిని పొంగించే ఈస్టు ఒకే కణంతో బతికే శిలీంధ్రం. కణకేంద్రకంలో డి.ఎన్.ఏ. ఉంటుందని మీరు చదువుకున్నారు. ఆక్సిజన్ సాయంతో ఆహారం నుంచి శక్తిని తీసే మైటోకాండ్రియాలలో కూడా కొద్దిగా డి.ఎన్.ఏ. విడిగా ఉంటుంది. అది పాడైపోతే కణం ఏమవుతుంది?

1949లో ఫ్రాన్సులో బోరిస్ ఎఫ్రుస్సీ, ఆయన సహచరులు దీనికి దారి చూపే సంగతి ప్రకటించారు. పళ్లెంలో పెంచిన ఈస్టు గుంపుల మధ్య అక్కడక్కడ మరీ చిన్న గుంపులు కనిపించాయి. ఫ్రెంచిలో 'పెటీట్' అంటే చిన్నది. అదే వాటి పేరయింది. అవి శ్వాసించలేవు. చక్కెర ఇస్తే దానిని పులియబెట్టుకుని నెమ్మదిగా పెరుగుతాయి. పులియబెట్టడానికి వీలుకాని గ్లిసరిన్ ఇస్తే అసలు పెరగవు. వాటి మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. చాలావరకు, కొన్నిటిలో పూర్తిగా, పోయిందని తరువాత తేలింది. అది పోయినా బతికే కణం దొరకడం శాస్త్రజ్ఞులకు గొప్ప వరం!

ఇప్పుడు ఆ డి.ఎన్.ఏ. దారాలను కొలిచి చూద్దాం. మన మైటోకాండ్రియాలో దాని పొడవు 16,569 క్షారజంటలు. రొట్టెల ఈస్టులో సుమారు 85,000! ఈస్టులో జన్యువులు ఎక్కువేమో అనుకుంటారు మీరు. కాదు. ప్రోటీన్లకు మనకు 13 జన్యువులుంటే దానికి ఉన్నవి 8. తూర్పు ఆఫ్రికా బీరు నుంచి వేరుచేసిన మరో ఈస్టు ఉంది. స్వాహిలీలో బీరును 'పోంబే' అంటారు కనుక దానికీ ఆ పేరే పెట్టారు. దాని జన్యువులూ ఇంచుమించు అన్నే. పొడవు మాత్రం 19,431 క్షారజంటలే.

మరి మిగతా పొడవంతా ఏమిటి? కొంత, జన్యువుల నడుమ అడినిన్, థైమిన్‌లతో నిండిన ఖాళీ జాగా. ఇంకొంత జన్యువుల లోపలే ఉంది. ఆక్సిజన్‌ను వాడుకునే ఎంజైములో ఒక భాగాన్ని తయారుచేసే కాక్స్-1 జన్యువును చూడండి. రొట్టెల ఈస్టులో అది సుమారు 13,000 క్షారజంటల మేర పరుచుకుంది. ప్రోటీనుకు పనికివచ్చేది అందులో సుమారు 1,600 మాత్రమే! తక్కినవి 'ఇంట్రాన్లు'. జన్యువు నుంచి ఆర్.ఎన్.ఏ. నకలు తయారయ్యాక కణం వాటిని కత్తిరించి పారేసి, మిగిలిన ముక్కలను అతుకుతుంది. మన కాక్స్-1లో ఇవి ఒక్కటీ లేవు.

పారేసేవాటిని ఇంతకాలంగా మోయడం దేనికి? ఇంట్రాన్లన్నీ తొలగించిన ఈస్టును ప్రయోగశాలలో తయారుచేశారు. అది చక్కగా శ్వాసించింది. అంటే ఈస్టుకు అవి అత్యవసరం కావు.

జవాబు 'ఒమెగా' అనే ఇంట్రాన్ దగ్గర దొరికింది. ఈ ఇంట్రాన్ ఒక ఎంజైమును తయారుచేయిస్తుంది. 18 క్షారజంటల ప్రత్యేక వరుస ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆ ఎంజైము డి.ఎన్.ఏ.ను కోస్తుంది. ఒమెగా కూర్చునే చోటు సరిగ్గా ఆ వరుస మధ్యనే. కాబట్టి ఒమెగా ఉన్న దారంలో ఆ వరుస రెండుగా విడిపోయి ఉంటుంది, కోత పడదు. లేని దారం తెగుతుంది. రెండు ఈస్టు కణాలు కలిసినప్పుడు వాటి మైటోకాండ్రియాలూ కలుస్తాయి. తెగిన దారాన్ని కణం బాగుచేయబోతుంది. మాదిరిగా ఏది తీసుకుంటుంది? పక్కనే తెగకుండా ఉన్న దారాన్ని! దానిని చూసి పూడ్చేటప్పుడు ఒమెగా కూడా నకలైపోతుంది. అందువల్లనే ఒమెగా ఉన్న ఈస్టును లేనిదానితో కలిపితే, పుట్టిన కణాలలో దాదాపు అన్నిటికీ ఒమెగా వస్తుంది.