తపాలాబిళ్లపై అడవిపూలు

భాద్రపద మాసం ముగిసే వేళకు గరిడేపల్లి పరిసరాలలోని చేలగట్ల మీద గునుగు తెల్లని వెన్నులు వేస్తుంది. బీడు భూములలో, బాటల పక్కన తంగేడు పసుపుపచ్చని గుత్తులతో నిలుస్తుంది. పొలంలో గునుగు రైతుకు కలుపు; బతుకమ్మను పేర్చే ఆడపడుచుకు అదే పూజాద్రవ్యం. కలుపుగా పెరికివేసే ఇటువంటి పువ్వుకు తపాలాబిళ్లపై చోటు దక్కడం సమంజసమేనా?

1840లో బ్రిటన్‌లో వెలువడిన మొట్టమొదటి తపాలాబిళ్లపై రాణి ముఖం ఉంది. స్వతంత్ర భారతదేశపు తొలి బిళ్లపై, 1947లో, జాతీయ పతాకం వెలిసింది. ఆ తరువాత మన ప్రకృతికీ ఆ గౌరవం లభించింది. 1977లో విడుదలైన పువ్వుల బిళ్లలలో తామర, కడిమిలతోపాటు అగ్నిశిఖ కూడ ఉంది. 1981 నాటి పూలచెట్ల బిళ్లలలో మోదుగు, రేల కనిపిస్తాయి. మోదుగు కావ్యాలలో కింశుకం. పల్లెలో విస్తరాకు, హోలీ రంగు. అగ్నిశిఖ పొదల నడుమ పాకే అడవితీగ. ఇవి రాజోద్యానాలు పెంచిన పూలు కావు.

బిళ్ల వైశాల్యం స్వల్పం. అందులో అన్నింటినీ చూపడం సాధ్యం కాదు. దేనిని వదిలితే ఆ పువ్వు మరొక పువ్వుగా మారిపోతుందో చిత్రకారుడు ఎరిగి ఉండాలి. అగ్నిశిఖకు వెనుకకు విరిగిన ఆరు ముడతల రేకులు, నులితీగలుగా మారిన ఆకుకొనలు ప్రాణం. తంగేడుకు అయిదు రేకులతోపాటు ఈకవంటి ఆకు, పలుచని బల్లపరుపు కాయ గుర్తులు. గునుగు చిత్రణ మరింత కష్టం. మనం ఒక పువ్వనుకొనేది నిజానికి అనేక చిన్న పూల వెన్ను. దాని రేకులు కాగితంవలె పొడిగా ఉండడంచేత కోసిన తరువాత కూడ చాలా రోజులు రూపు చెడవు. దాని శాస్త్రీయనామం సెలోసియా అర్జెంటియా. అర్జెంటియా అంటే వెండివంటిది. ఆ వెండి తెలుపు తెల్లకాగితంపై కనిపించదు. వెనుక ముదురు రంగు కావాలి.

తంగేడు 2014లో తెలంగాణ రాష్ట్రపుష్పమైంది. గునుగుకు అట్టి పదవి లేదు. పైరులో కలుపు తీయడం రైతుకు తప్పనిసరి. కాని గట్టు మీద, బాట పక్కన కూడ మందు చల్లి దానిని మాపివేస్తే బతుకమ్మకు పువ్వు కరువవుతుంది. తపాలాబిళ్ల ఒక మొక్కను స్వయంగా కాపాడలేదు. దానిని పేరుపెట్టి పిలిచే, ఆగి చూసే కన్నులను మాత్రం పెంచగలదు. రక్షణకు తొలిమెట్టు ఆ గుర్తింపే.

కఠిన పదాలకు అర్థాలు
వెన్ను = కంకి
కింశుకం = మోదుగు
నులితీగ = ఆధారాన్ని చుట్టుకొని పట్టుకొనే సన్నని తీగ
సమంజసం = తగినది

ప్రశ్నలు
1. గునుగును బిళ్లపై చిత్రించడంలోని కష్టాలను వివరించండి.
2. సందర్భసహిత వ్యాఖ్య రాయండి: "రక్షణకు తొలిమెట్టు ఆ గుర్తింపే."
3. మీ ఊరిలోని ఒక అడవిపువ్వును పరిశీలించి, దానిని గుర్తుపట్టే లక్షణాలను రాయండి.