గడపలో మూడు బుట్టలు

సిద్దిపేట పట్టణము హైదరాబాదునకు ఉత్తరమున, కరీంనగరమునకు పోవు రహదారిపై, సుమారు 100 కిలోమీటర్ల దూరములో నున్నది. 2016 వ సంవత్సరము అక్టోబరు 11 వ తేదీన ఇది జిల్లా కేంద్రమైనది. ఇచటి నేతగాండ్రు నేయు గొల్లభామ చీరలు మిక్కిలి పేరుగాంచినవి. పట్టణములో కోమటిచెరువు కలదు. బతుకమ్మ పండుగనాడు స్త్రీలు తంగేడు, గునుగు, బంతి పూలతో పేర్చిన బతుకమ్మలను ఈ చెరువునకు తెచ్చి నీట విడుతురు. ఆ పూలు కొన్ని దినములకు నీటిలో కలిసిపోవును. కాని ప్రసాదము తెచ్చిన పాలిథిన్ సంచిని ఎవరైన గట్టున విడిచినచో, అది ఏండ్లు గడచినను మట్టిలో కలియదు. పూవునకును సంచికిని గల ఈ భేదమును గ్రహించినవారికి నేటి పట్టణముల చెత్త సమస్య తేటతెల్లమగును.

పూర్వము బజారునకు పోవువారు చేసంచిని, నూనెకు సీసాను వెంట గొనిపోయెడివారు. కిరాణా దుకాణదారు పప్పును, చక్కెరను కాగితమున పొట్లము కట్టి, పురికొసతో బిగించి యిచ్చెడివాడు. విందులలో మోదుగాకు విస్తళ్లు వేసెడివారు. భోజనానంతరము అవి పెంటకుప్పను చేరి, ఎరువై, మరల పొలమునకే పోయెడివి. పాత ఇనుమును, పగిలిన పాత్రలను కొనువారు వీథివీథి తిరిగెడివారు. ఇంటిలో నిజముగా పారవేయదగిన వస్తువు అరుదుగా నుండెడిది.

1933 లో ఇంగ్లండు దేశమున గిబ్సన్, ఫాసెట్ అను రసాయన శాస్త్రజ్ఞులు వేరొక ప్రయోగము చేయుచుండగా, అనుకొనకయే పాలిథిన్ అను పదార్థము లభించినది. స్వీడన్ దేశీయుడగు థూలిన్ రూపొందించిన చేతిసంచికి 1965 లో పేటెంటు హక్కు లభించినది. ఈ సంచి తేలిక, చవుక, తడిసినను చెడదు, తనకంటె ఎన్నో రెట్లు బరువును మోయగలదు. కాని, చెడకుండుట యను ఆ గుణమే, సంచిని పారవేసిన పిదప, దోషమగుచున్నది.

ఈ దోషము మాటలాడలేని పశువులకు ప్రాణాంతకమైనది. మిగిలిన అన్నమును, కూరగాయల తొక్కులను సంచిలో మూటగట్టి వీథిలో విసరుట పలువురికి అలవాటు. ఆవు ముడిని విప్పి తినజాలదు గదా! అది మేతను నమలక మింగి, తరువాత నెమరువేయు జంతువు. అందుచేత అన్నముతో గూడ సంచిని మింగును. ఆ సంచి కడుపులోని మొదటి గదిలో నిలిచిపోవును. అట్టివి ఒకటొకటిగా చేరి గట్టిముద్దయగును. అప్పుడు ఆవు కడుపు నిండినట్లు భ్రమించి, మేత ఎదుట నున్నను తినక క్షీణించును. పుట్టపర్తి యందలి కరుణా సొసైటీ యను జంతుసంరక్షణ సంస్థ ఇట్టి ఆవులకు శస్త్రచికిత్సలు చేయించి, వాని కడుపులనుండి ప్లాస్టిక్ ముద్దలను తీయించినది. 2012 లో ఆ సంస్థ సుప్రీంకోర్టు నాశ్రయించి, ఈ మూగజీవుల బాధను దేశమునకు తెలియజేసినది.

ఇచట గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఆవు వచ్చినది సంచికొరకు కాదు, అన్నముకొరకు. ఆ రెండింటిని కలిపినది మానవుని చేయి. వేర్వేరుగా నున్నప్పుడు అన్నము ఎరువగును, ప్లాస్టిక్ మరల సరకగును. కలిసినప్పుడు రెండును చెడును. కావుననే ఇంటింట చెత్తను తడి, పొడి, హానికరము అని మూడు విధములుగా వేరుచేయవలెనని 2016 నాటి నియమములు విధించినవి.

తడిచెత్త యనగా తొక్కులు, మిగిలిన అన్నము, వాడిన పూలు. దీనిని గాలి సోకునట్లు కుళ్లబెట్టినచో కంపోస్టు ఎరువగును. గాలి చొరని చెత్తగుట్టలో కప్పబడినచో, మండు స్వభావము గల మీథేను వాయువు పుట్టును; చెత్తగుట్టలు అంటుకొనుటకు అదియొక కారణము. కాగితము, సీసాలు, లోహములు, శుభ్రమైన ప్లాస్టిక్ పొడిచెత్త. వీనిని కరగించి గాని, నానబెట్టి గాని, క్రొత్త వస్తువులు చేయవచ్చును. కాని కూర అంటిన కాగితమును కొనువారు లేరు. పలుచని సంచి తూకమునకు రాదు గావున దానిని ఏరువారును అరుదు. సూదులు, మందులు, బ్యాటరీలు మూడవ బుట్టకు చెందినవి. వానిని ఇతరమైన చెత్తలో కలిపినచో, దానిని చేతులతో వేరుచేయు పారిశుధ్య కార్మికుని వ్రేళ్లు తెగును.

సిద్దిపేట ఈ పాఠమును శ్రద్ధతో నేర్చినది. చెత్తను వేరుచేయు విధమును, ఎరువు చేయు పద్ధతిని పౌరులకు నేర్పుటకు ఇచట 'స్వచ్ఛబడి' యను పాఠశాల వెలసినది. చెరువులో గాని గుంటలో గాని కుళ్లిపోవలసిన తొక్కులనుండి వాహనములకు ఇంధనమగు వాయువును తీయుటకై, సమీపమున నున్న బుస్సాపూరులో ఒక కర్మాగారము నిర్మింపబడినది. చెత్తగుట్టలో అగ్నిభయమును కలిగించు మీథేనే అచట ఇంధనమగును.

ఇంతకంటె సులభమైన యుపాయము స్టీలు బ్యాంకు. ఇది ధనమును గాక, పళ్లెములను, గ్లాసులను అరువిచ్చు బ్యాంకు. 500 మంది భుజించు పెండ్లిలో ఒక్కొక్కరు రెండు మారులు నీరు త్రాగినచో, ఒక్క పూటలో 1000 ప్లాస్టిక్ గ్లాసులు చెత్తలో పడును. స్టీలు గ్లాసులైనచో కడిగి మరునాడు వేరొక పెండ్లికి పంపవచ్చును. శుభకార్యము గలవారు పాత్రలను గొనిపోయి, పని ముగిసిన పిదప శుభ్రపరచి తిరిగి యిత్తురు. ఊరుమ్మడి గుండిగలు, గంగాళములు గల పల్లెలకు ఇది క్రొత్త సంగతి కాదు. పాత మర్యాదయే క్రొత్త పేరుతో మరల వచ్చినది.

ప్రభుత్వమును ఊరకుండలేదు. 2022 జూలై 1 నుండి ఒక్కమారు వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, చెంచాలు మొదలగునవి దేశమంతటను నిషేధింపబడినవి. అదే సంవత్సరము డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లకంటె పలుచని ప్లాస్టిక్ చేతిసంచులును నిషేధమునకు లోనైనవి. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అయినను చట్టము దుకాణము వరకే పోగలదు, వంటయింటిలోనికి రాజాలదు. బట్టసంచిని కొన్నంత మాత్రమున పని ముగియదు. ప్రత్తి పండించుటకు ఎంతో నీరు కావలెను. కావున ఆ సంచిని పెక్కు మారులు వాడినప్పుడే దానివలన మేలు కలుగును. గోడకు తగిలించి మరచినచో ప్రయోజనము లేదు.

చెత్తబండి వచ్చునప్పటికి మూడు బుట్టలు సిద్ధముగా నుంచుట పిల్లలును చేయగల పని. దీనికి ధనము అక్కరలేదు, విద్యయు అంతగా అక్కరలేదు. గడపయొద్ద ఒక్క క్షణము ఆగి, చేతిలోని వస్తువు ఏ బుట్టకు చెందినదో ఆలోచించిన చాలును. ఆ క్షణము ఒక ఆవు ప్రాణమును, ఒక కార్మికుని చేతిని కాపాడవచ్చును. అప్పుడు బతుకమ్మ నాటి కోమటిచెరువులో పూలు మాత్రమే తేలును.