హెచ్చరిక పైనుంచి, కబురు పాకనుంచి

దేశమంతటా ప్రతిరోజూ వాతావరణాన్ని, అడవి మంటలను, పశురోగాలను కనిపెట్టి చూస్తున్నారు. దీనిని మన పాడికి ఎలా వినియోగించుకోవాలో తెలుసుకుందాం.

వాతావరణం: భారత వాతావరణ శాఖ రోజూ జిల్లాలవారీగా హెచ్చరికలు ఇస్తుంది. ఆకుపచ్చ అంటే ప్రమాదం లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండాలి. నారింజ అంటే సిద్ధం కావాలి. ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడాలి. వడగాలి హెచ్చరిక ఉన్న రోజు మధ్యాహ్నం పశువులను మేతకు తోలకండి. నీడలో కట్టి, చల్లని నీరు పెట్టండి.

అడవి మంటలు: డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహాలతో మంటలను గుర్తించి అటవీ సిబ్బందికి తెలుపుతుంది. అడవి అంచు గ్రామాలవారు వేసవిలో గడ్డివాము చుట్టూ ఎండుగడ్డి, ఆకులు లేకుండా చూసుకోవాలి.

రోగాలు: ఏ జిల్లాలో ఏ రోగం రావచ్చునో బెంగుళూరులోని జాతీయ పశురోగ పరిశోధన సంస్థ రెండు నెలల ముందుగానే అంచనా వేస్తుంది. అందుకే గొంతువాపు టీకా తొలకరికి ముందే వేయించాలి.

అయితే ఉపగ్రహం మంటను చూడగలదు గాని, గేదె నోటిలోని పుండును చూడలేదు. అది చూడవలసినది మీరే. జ్వరంతో చొంగ కార్చినా, గిట్టల మధ్య పుండ్లు పడినా, ఒంటిపై గడ్డలు లేచినా ఆ పశువును వేరుగా కట్టి, పశువైద్యునికి చెప్పండి. 1962 నెంబరుకు ఫోను చేయండి. అంటురోగాన్ని తెలియజేయడం 2009 చట్టం ప్రకారం పశువు యజమాని బాధ్యత కూడా.

పాలు తీసుకోరేమోనన్న భయంతో రోగాన్ని దాచకండి. ఒక్క పాకలో దాచిన గాలికుంటు నీళ్ళ తొట్టి దగ్గరే ఊరంతటికీ అంటుకుంటుంది.

సంఘ కార్యదర్శులు ఆనాటి హెచ్చరికను ఉదయం పాలు పోసే వేళకు బోర్డుపై రాయాలి.