కోకిల తేనెటీగ

కోకిల గూడు కట్టదు, కాకి గూట్లో గుడ్లు పెడుతుంది. ఈ సంగతి మీకు తెలిసిందే. తేనెటీగల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

మీరు భిలాయి సెక్టర్ 2లో ఉంటున్నారనుకోండి. క్వార్టరు పెరట్లో నాలుగు వంగ మొక్కలు, ఒక తులసికోట ఉన్నాయి. తులసి పూల మీద జుమ్మని వాలి, క్షణంలో లేచిపోయే ఈగకు పొట్ట మీద నీలి చారలుంటే అది నీలిచారల తేనెటీగ (అమెజిల్లా). ఇది తేనెపట్టు పెట్టదు. ఆడ ఈగ ఒంటరిగా మట్టి నేలలోనో, మట్టి గోడలోనో తొలిచి చిన్న గదులు చేస్తుంది. ఒక్కో గదిలో పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద ఉంచి, గుడ్డు పెట్టి మూసేస్తుంది.

నల్లని ఒంటిపై నీలి మచ్చలున్న మరో ఈగ ఆ గూళ్ల దగ్గరే తిరుగుతుంటుంది. అదే కోకిల తేనెటీగ (థైరియస్). పుప్పొడి మోసే గుబురు వెంట్రుకలు దీని కాళ్లకు ఉండవు. మోయని వాళ్లకు బుట్ట ఎందుకు? గూటి యజమానురాలు లేని సమయం చూసి ఇది లోపలికి దూరి, ఆమె గదిలో తన గుడ్డు పెడుతుంది. అందులోంచి వచ్చిన పిల్లపురుగు పదునైన దవడలతో అసలు గుడ్డును, లేదా పిల్లను చంపి, ఆ ముద్దను తాను తిని పెరుగుతుంది. ఇలా మరో జీవి మీద ఆధారపడి బతికే దాన్ని పరాన్నజీవి అంటారు.

అయితే ఇది మన వంగ మొక్కలకు శత్రువా? ముందు వంగ పువ్వును చూడండి. పుప్పొడి కేసరాల లోపల ఉంటుంది. కొనన ఉన్న సన్నని రంధ్రంలోంచే బయటికి రావాలి. నీలిచారల ఈగ పువ్వును పట్టుకుని ఒళ్లంతా అదురుతుంది, పుప్పొడి రాలుతుంది. పట్టు పెట్టే తేనెటీగకు ఈ విద్య రాదు. కోకిల తేనెటీగ ఈ ఈగల్లో కొన్నింటి సంతానాన్ని దోచుకునే మాట నిజమే. కానీ అది కనిపించిందంటే, దాన్ని పోషించగలిగినన్ని నీలిచారల ఈగలు అక్కడ ఉన్నట్లే. అవి తగ్గితే ముందుగా కనుమరుగయ్యేది ఇదే.

అమెరికాలో అదే జరిగింది. పడమటి బంబుల్ ఈగలు తగ్గిపోగా, వాటి గూళ్లపై బతికే సక్లీ కోకిల ఈగ దాదాపు కనబడకుండా పోయింది. దాన్ని ఆపదలో ఉన్న జీవుల జాబితాలో చేర్చాలని అక్కడి ప్రభుత్వ సంస్థ 2024 డిసెంబరులో ప్రతిపాదించింది.

మన పెరట్లో ముప్పు చిన్నచిన్న పనులతోనే వస్తుంది. నేలంతా సిమెంటు చేస్తాం. మట్టి గోడకు ప్లాస్టరు వేస్తాం. పూలున్న మొక్కపై, అదీ ఈగలు తిరిగే వేళ, పురుగుమందు చల్లుతాం.

చేసి చూడండి

సాయంత్రం పొద్దు వాలాక ఎండిన పుల్లలను, గడ్డి కాడలను పరిశీలించండి. ఈ ఈగలు దవడలతో కాడను కరిచి పట్టుకుని నిద్రపోతాయి. ముట్టుకోకుండా లెక్కపెట్టండి.

ప్రశ్నలు

1. కోకిల తేనెటీగ కాళ్లకు గుబురు వెంట్రుకలు ఎందుకు అవసరం లేదు?
2. మీ ఇంటి చుట్టూ ఈగలు తొలచగల మట్టి ఎక్కడెక్కడ మిగిలి ఉంది?