ట్రెంటీనో కొండవాలున ద్రాక్షరైతు

ఇటలీ దేశపు ఉత్తరపు కొసను, ఆల్ప్సు పర్వతముల ఒడిలో ట్రెంటీనో అను సీమ కలదు. వెరోనా పట్టణమున బ్రెన్నరు కనుమవైపు పోవు రైలెక్కినచో సుమారు గంటలో ఆ సీమకు ముఖ్యపట్టణమైన ట్రెంటో చేరవచ్చును. దారి పొడవున ఆడీజె నది ప్రక్కనే నడచును. రెండువైపుల గోడలు నిలిపినట్లు కొండలు; నడుమ సన్నని చదును నేల. ఆ చదునులో ఊళ్ళు, రోడ్లు పోగా మిగిలినదంతయు ద్రాక్ష, ఆపిలు తోటలే. సీమ వైశాల్యము 6,200 చదరపు కిలోమీటర్లు. దానిలో సగమునకు మించి అడవి. రాతిగుట్టలు, మంచు, పచ్చికబయళ్ళు తీసివేయగా సాగుకు దక్కునది స్వల్పము. ద్రాక్ష సుమారు 10,000 హెక్టార్లలో, అనగా 25,000 ఎకరములలో ఉన్నది.

ఈ 25,000 ఎకరములను వేలకొలది కుటుంబములు పంచుకొని సాగు చేయుచున్నవి. చాలమందికి రెండు మూడెకరములకు మించి లేదు. అదియు ఒకే చెక్కగా ఉండదు. కూలి ఖరీదైన దేశములో, ఇంత చిన్న కమతముతో, ఇంత నిటారు నేలపై రైతు ఎట్లు నిలిచెను అనునదే చూడదగిన సంగతి. ద్రాక్షసారాయి గొడవ మనకెందుకని చదువరి అనవచ్చును. పీపాలోని దానిని ప్రక్కకు పెట్టి, పొలమును, పొలము వెనుకనున్న సంఘమును చూచిన చాలును.

వాలు పందిరి

హైదరాబాదు చుట్టుప్రక్కల అనాబ్-ఎ-షాహీ తోటలను చూచినవారికి ద్రాక్షపందిరి క్రొత్తకాదు. మన పందిరి తలయెత్తున చదునుగా పరచుకొని ఉండును. ట్రెంటీనో పందిరి అట్లు కాదు. వరుసగా నాటిన గుంజలకు ఒక వాసము కట్టుదురు. అది మొదలువద్ద పల్లముగా మొదలై బయటివైపునకు ఎత్తుగా లేచును. కొండవాలున ఒకవైపే రెక్క. చదునునేలలో ఇరువైపుల రెండు రెక్కలు, ఎగురబోవు పక్షివలె. దీనిని పెర్గోలా అందురు. ఆకు పైన కప్పుకొనును. గుత్తి దాని క్రింద వ్రేలాడును. ఎండదెబ్బ తగులదు, వాన వెలిసిన వెంటనే గాలికి ఆరును, కోతమనిషి నిలుచుండియే కోయవచ్చును. పూర్వము దీని క్రింద మొక్కజొన్న, చిక్కుళ్ళు కూడ వేసికొనెడివారు. చిన్నరైతుకు ఒకే నేలపై రెండు పంటలు.

దీని లోపము చేతిపని. యంత్రములు దీనిలో సులువుగా తిరుగవు. అందుచేత క్రొత్త తోటలు పలుచోట్ల నిలువు కంచెమీద తీగ ప్రాకించు పద్ధతికి మారుచున్నవి. కత్తిరింపులోను మనకు, వారికి భేదమున్నది. అక్కడ చలికాలమున ఆకు రాలి తీగ నిద్రించును. ఏటికొకసారి, ఆ నిద్రలోనే కత్తిరింతురు. మన తీగకు నిద్రలేదు కనుక ఏప్రిల్‌లో కొమ్మకొకసారి, అక్టోబరులో కాయకొకసారి కత్తెర వేయవలసి వచ్చును.

ట్రెంటోకు ఉత్తరమున నోచె నది ఆడీజెలో కలియు చోట, మెజ్జోకొరోనా, మెజ్జోలొంబార్దో ఊళ్ళ నడుమ ఒక చదును మైదానమున్నది. నది తెచ్చివేసిన గులకరాతి నేల. అక్కడ తెరోల్దెగో అను నల్లద్రాక్షను రెండు రెక్కల పందిరిపై పెంచుదురు. 1971లో ఆ మైదానపు పేరుకు చట్టరక్షణ వచ్చినది. వేరొకచోట పండిన దానికి ఆ పేరు పెట్టరాదు, ఎకరమున కాపు ఇంతకు మించరాదు అని నియమము.

సున్నములేని గోడలు

మైదానము సుఖమైనది. ఆవీసియో నది చీల్చుకొనిపోయిన చెంబ్రా లోయలోనికి పోయినచో అసలు సంగతి తెలియును. అక్కడ చదును నేల అన్నది దేవుడిచ్చినది కాదు, మనిషి కట్టుకొన్నది. నది ఒడ్డునుండి కొండ నడుమవరకు మెట్లుమెట్లుగా మడులు. ఒక్కొక్క మడికి ముందు ఒక రాతిగోడ. ఈ గోడలన్నిటిని ఒకదాని చివర ఒకటి చేర్చినచో 700 కిలోమీటర్లకు పైబడునని లెక్క. 500 మీటర్లకు పైని మడులలో మ్యూలర్ తూర్గావ్ అను తెల్లద్రాక్ష బాగుగా పండును. రాత్రి చలి దానికి మేలు.

గోడలో సున్నముగాని, సిమెంటుగాని, బురదగాని ఉండదు. గట్టినేల తగులువరకు త్రవ్వి పెద్దరాళ్ళను అడుగున వేయుదురు. గోడ నిటారుగా లేవదు. కొంచెము కొండవైపు వాలి ఉండును. క్రింది రెండు రాళ్ళ అతుకుపై పైరాయి పడవలెను. అక్కడక్కడ పొడుగురాయిని అడ్డముగా, లోపలి మట్టిలోనికి చొచ్చునట్లు పెట్టుదురు. గోడ వెనుక మట్టిని నేరుగా తాకనీయక చిన్నరాళ్ళు, పలుగురాళ్ళు నింపుదురు. ఇదే ప్రాణము. వాననీరు ఆ రాళ్ళగుండ దిగి సందులలోనుండి బయటికి కారిపోవును. గట్టిగా ఉండునని తూములు విడువక సిమెంటు గోడ కట్టినచో నీరు వెనుక నిలిచి గోడను త్రోయును. రాయి పగలు పీల్చుకొన్న వేడిని రాత్రి తీగకు ఇచ్చుట మరొక లాభము.

ఇటువంటి గోడ కూలుటకు ముందు చెప్పియే కూలును. నడుమ పొట్ట వచ్చును. పొట్ట కనబడిన ఏడే విప్పి కట్టుకొన్నచో నాలుగు గజములతో పోవును. ఉపేక్షించినచో పై మడి మట్టి తీగలతోసహ క్రింది మడిపై పడును. క్రింది మడి పొరుగువానిది కావచ్చును. కనుక ఒకని సోమరితనము మరియొకని నష్టము. ఈ విద్యను 2018లో యునెస్కో సంస్థ ఇటలీతోపాటు మరి ఏడు దేశముల వారసత్వముగా గుర్తించినది. గౌరవము మంచిదే, గోడ మాత్రము చేతులతోనే కట్టవలెను.

కరవునుండి సంఘము

ఈ సీమ ఎల్లప్పుడు కలిగినది కాదు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఇది ఆస్ట్రియా రాజ్యములో భాగము. పట్టుపురుగులకు వ్యాధి తగిలినది; ద్రాక్షకు బూడిదతెగులు, తరువాత బూజుతెగులు వచ్చినవి; 1882లో ఆడీజె వరద ముంచినది. అప్పు పుట్టినచో వడ్డీవర్తకునివద్దనే. వేలమంది నేల విడిచి బ్రెజిలుకు, ఇతర అమెరికా దేశములకు ఓడలెక్కిరి.

లొరెన్జో గ్వెత్తి అను గ్రామపు పాదిరి (1847-1898) ఆ వలసల లెక్క వ్రాసి ఊరకుండలేదు. 1890లో బ్లెజ్జో ప్రాంతమున రైతులచేత మొదటి సహకార దుకాణము పెట్టించెను. 1892లో రైతుల పరపతి సంఘము వచ్చినది. 1895లో అన్నిటిని కలిపి సమాఖ్య ఏర్పడినది. పరపతి సంఘమునకు నమూనా జర్మనీకి చెందిన రైఫైజెన్‌ది: ఒకే ఊరివారు, ఒకరినొకరు ఎరిగినవారు, ఒకరి అప్పుకు అందరు పూచీ. సరిగా ఆ సంవత్సరములలోనే, 1895-97లో, మద్రాసు రాజధానిలో ఫ్రెడెరిక్ నికల్సన్ తన నివేదికలో ఆ నమూనానే సిఫారసు చేసెను. 1904లో మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. మెజ్జోకొరోనా ద్రాక్షరైతుల సంఘము పుట్టినదియు 1904లోనే. విత్తనము ఒకటే.

నేడు ఆ సీమ ద్రాక్షలో నూటికి 80 పాళ్ళకు పైగా సహకార సంఘముల గుమ్మములోనికే పోవును. నడక ఇట్లుండును. సభ్యుడు తన కాయనంతటిని సంఘమునకే ఇత్తునని ఒప్పుకొనును. బయట ధర పెరిగిన ఏడు వర్తకునికి, పడిపోయిన ఏడు సంఘమునకు అనుట కుదరదు. ఈ కట్టుబాటు సడలినచోట సంఘములు ఎట్లు చెడునో మన చదువరులకు చెప్పనక్కరలేదు. కోత ఏ రకము ఎప్పుడన్నది సంఘము చాటును. సెప్టెంబరులో సంఘపు వాకిట బండ్లు బారులు తీరును. తూకము వేసి, రసము తీసి, బాబో కొలమానమును అందులో ముంచి చూతురు. అది 18 చూపినచో నూరు కిలోల రసములో సుమారు 18 కిలోల చక్కెర ఉన్నట్లు. రకము, చోటు, తీపి చూచి ధర కట్టుదురు, బరువొక్కటే చూడరు. కనుక నీరు పెట్టి గుత్తిని ఉబ్బించుటవలన లాభము లేదు.

పైకము ఒకేసారి రాదు. కొంత బయానాగా, మిగిలినది సరకు అమ్ముడైన కొలది వాయిదాలుగా, చివరిది లెక్కలు తేలిన పిదప, తరువాతి ఏటిలో వచ్చును. సర్వసభ్య సమావేశమున అరయెకరము వానికి ఒక ఓటు, పదియెకరముల వానికిని ఒక ఓటే. 1950లో ఈ సంఘములు కొన్ని కలిసి కావిత్ అను పైసంఘమును పెట్టుకొనినవి. ఊరి సంఘము రసము పట్టును; సీసాకెత్తి దేశాంతరములలో అమ్ముట పైసంఘము పని. ఐదువేలకు పైబడిన రైతుల కాయ దానిగుండ పోవుచున్నది.

పంపకముల సంగతి

గ్రామోద్యోగులు ఆలోచింపదగిన విషయమొకటి. ఉత్తరమున ఆనుకొనియున్న బొల్జానో సీమలో జర్మను భాషవారు ఎక్కువ. అక్కడ పొలము, ఇల్లు కలిపి ఒక కమతముగా విడదీయక ఒకే వారసునికి ఇచ్చు ఆచారమున్నది. 1929లో ఇటలీ ప్రభుత్వము ఆ చట్టమును త్రోసివేయగా 1954లో తిరిగి నిలబెట్టుకొనిరి. ట్రెంటీనోలో పిల్లలందరికి సమభాగములు. నోన్ లోయ ఎగువన ఒక్కొక్క ఆచారమునకు ఒక్కొక్క ఊరు ప్రక్కప్రక్కనే ఉన్నవి: సాంక్ట్ ఫెలిక్స్, ట్రెట్. అవి పశుపోషణ గ్రామములు; ఆ ఎత్తున ద్రాక్ష రాదు. జాన్ కోల్, ఎరిక్ వుల్ఫ్ అను అమెరికా పండితులు వాటిని పరిశీలించి 1974లో గ్రంథము ప్రకటించిరి. వారు కనుగొన్నది చిత్రము. మాటలో ఆచారములు ఎంత వేరైనను, నేలమీద కమతములు అంత వేరుగా లేవు. ట్రెట్‌లో అందరికి భాగమన్నను ఒక్కడే ఊరిలో నిలిచి మిగిలినవారి భాగములు కలుపుకొనుట కలదు. ఫెలిక్స్‌లో విడదీయరాదన్నను అమ్మకములవలన విడిపోవుట కలదు. కొండ ఎంతమందిని పోషించగలదో అంతమందినే నిలువనిచ్చినది. భాగములు చేసికొన్న ట్రెంటీనో ద్రాక్షరైతు గట్టును చెరుపలేదు. కాయను మాత్రము ఒకచోట కలిపెను.

ట్రెంటోకు ఉత్తరమున సాన్ మికేలెలో, ఒక పాతమఠములో, 1874లో వ్యవసాయ పాఠశాల పెట్టిరి. మొదటి అధ్యక్షుడు ఎడ్మండ్ మాఖ్. ఇప్పుడు ఆ సంస్థకు ఆయన పేరే. బడి, పరిశోధన, రైతుకు సలహా మూడును ఒకే కప్పుక్రింద ఉన్నవి. 2007లో పీనో నల్లద్రాక్ష జన్యుపటమును, 2010లో ఆపిలు జన్యుపటమును ప్రకటించిన వారిలో ఈ సంస్థవారు ముఖ్యులు. ఇప్పుడు తెగులును తట్టుకొను రకములపై పని నడచుచున్నది.

పోవువారు సెప్టెంబరులో పోవుట మేలు. చెంబ్రా లోయలో కోత చూచుచు నడచినచో, నిండుగా కాచిన మడి ప్రక్కనే ముళ్ళపొదలు, చిన్న చిన్న చెట్లు లేచిన మడి కనబడును. దాని గోడకు పొట్ట వచ్చి ఉండును. మరమ్మతునకు ప్రభుత్వ సహాయమున్నది. కాని యంత్రము ఎక్కని మడిలో పని మైదానములోకంటె ఎన్నియో రెట్లు; కొడుకు ట్రెంటోలో ఉద్యోగము చేసికొనుచుండును. సాయంకాలము, ఆదివారము వచ్చి తండ్రితో రెండు మడులు చూచుకొనువారును ఉన్నారు. మూడవదానిని ఏమి చేయవలెనో అను చర్చ ఆ ఇండ్లలో ఇంకను ముగియలేదు.