రసాయన పటాలలో మూలకనామాలు: ఆసిఫాబాద్ ప్రాంత బోధనను గూర్చి ఒక పరిశీలన

ఉన్నత పాఠశాల తరగతి గోడపై వ్రేలాడే మూలకాల పట్టికను, విద్యార్థి చేత నింపించే అభ్యాసపత్రాన్ని విజ్ఞానశాస్త్రోపాధ్యాయుని సామగ్రిగానే భావించడం పరిపాటి. కాని పట్టికలోని ప్రతి గడిలోను ఒక శబ్దం ఉన్నది. శబ్దమున్న చోట భాషాబోధకునికి పని ఉన్నది.

ఆసిఫాబాద్ పరిసరాలలో ఈ పని మరింత అవసరం. 1941 వరకు జిల్లాకేంద్రంగా ఉండి, 2016లో కుమురం భీం పేరిట ఏర్పడిన జిల్లాకు మరల కేంద్రమైన ఈ పట్టణం చుట్టూ తెలుగు, గోండి, కోలామి, మరాఠీ, ఉర్దూ వినవస్తాయి. నిజాం రాజ్యంలో 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం విజ్ఞానశాస్త్రాలను సైతం ఉర్దూలోనే బోధించింది. ఆ ఉర్దూలో పాదరసానికి పేరైన 'పారా' సంస్కృత 'పారద' శబ్దభవమే. గంధకమైతే ఉర్దూ, మరాఠీ, తెలుగు మూడింటిలోను ఇంచుమించు ఒకే రూపంలో ఉన్నది. పటంలో ఒక వరుస ఇట్టి సామ్యాలకు కేటాయిస్తే, ఇంటిలో వేరు భాష పలికే బాలునికి కొన్ని గడులైనా పరిచితాలవుతాయి.

మిక్కిలి ఉపయోగకరమైన ఉదాహరణ 'ఆమ్లజని'. ఆమ్లాన్ని జనింపజేయునది అని దీని అర్థం. లావోయిజర్ గ్రీకు ధాతువులతో కల్పించిన 'ఆక్సిజన్' అర్థమూ ఇదే. ఆమ్లాలన్నింటికీ ఈ వాయువే మూలమని ఆయన నమ్మాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని 1810లో హంఫ్రీ డేవీ వెల్లడించాడు. సిద్ధాంతం పోయినది, పేరు నిలిచినది. నిజానికి ఆమ్లజని అనే బిరుదు ఉదజనికే ఎక్కువ తగి ఉండేది! పాఠ్యపుస్తకాలు 'ఆక్సిజన్'ను స్వీకరించిన తరువాత ఉచ్చారణ ఏకరూపమైనది, నిజమే. అయితే పేరులోని పొరపాటును పట్టుకొనే అవకాశం విద్యార్థికి తప్పిపోయినది. 2022-23లో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్లమాధ్యమం ప్రవేశించిన పిదప ఈ లోటు పెరిగినదనే చెప్పవలె.

అభ్యాసపత్రంలో ఒక ప్రశ్న చాలు: 'ఉదజని, ఆమ్లజని అను పేర్లలో ఏది వస్తుధర్మానికి సరిపోవును? హైడ్రోక్లోరిక్ ఆమ్ల సంకేతమును చూచి కారణము తెలుపుము.' దీనికి విగ్రహవాక్యము, అణుసంకేతము రెండూ తెలియాలి. హైడ్రోజన్ మండితే నీరు ఏర్పడుతుంది కనుక ఉదజని సార్థకనామమే.

సంకేతాల విషయం వేరు. సోడియం సంకేతం 'ఎన్‌ఏ', ఇనుము సంకేతం 'ఎఫ్‌ఈ' ఎందుకైనవో చెప్పక కంఠస్థం చేయించడం వృథాశ్రమ. అవి నేట్రియం, ఫెర్రం అను లాటిన్ నామాల తొలి అక్షరాలు. వెండికి లాటిన్ పేరైన 'అర్జెంటం' సంస్కృత 'రజత' శబ్దానికి సజాతీయం. ఇది సంస్కృతోపాధ్యాయుడు ఒక్క నిమిషంలో చెప్పగలిగినది. మెండలీవ్ తన పట్టికలో ఖాళీ విడిచిన గడులకు సంస్కృత సంఖ్యావాచకమైన 'ఏక'ను చేర్చి పేర్లు పెట్టిన సంగతిని కూడ పటం అంచున వ్రాయవచ్చును. ఆయన ఏక-సిలికాన్ అన్నది 1886లో జెర్మేనియంగా లభించినది.

అన్ని మూలకాలకు వ్యుత్పత్తి వ్రాయబూనితే పటం నిఘంటువవుతుంది. తరగతిలో తరచు వచ్చే పది పన్నెండు పేర్లకు మాత్రం సంకేతం ప్రక్కన ఒక అర్థపు గడి గీస్తే సరిపోతుంది.